కోపానికి రెండు చెంచాలు

మా ఆయన నోరు మంచిది కాదు. ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు, మేమిద్దరం పనిచేసే బైండింగ్ షాపులో గోడల్ని అడిగినా చెబుతాయి. కాగితం కోసే మెషిన్ దగ్గర ముప్పై ఏళ్ళుగా ఆయనే మాస్టర్. ఓనరు దగ్గర్నుంచి హాలు ఊడ్చే మనిషి దాకా అందరూ మాస్టర్ అనే పిలుస్తారు. చేతిపని గురించి మాత్రం ఎంత చెప్పుకున్నా తక్కువే. కాగితాల దొంతరను గలగలా విదిల్చి, అంచులు బల్లకు తట్టి, కత్తి కిందకు తోశాడంటే వెంట్రుకవాసి తేడా ఉండదు. నోరు కూడా ఆ కత్తి లాంటిదే. అడ్డమొచ్చిన వాణ్ణల్లా తెగ్గొట్టేది.

ఆయనకు షుగర్ వచ్చి ఇరవై రెండేళ్ళు. పూటపూటకూ ఇన్సులిన్ సూది. ఒకప్పుడు షుగర్ పడిపోతే ఒళ్ళే చెప్పేది. చేతులు వణికేవి, చొక్కా వీపుకు అంటుకుపోయేది, గుండె దడదడలాడేది. వెంటనే మెషిన్ ఆపి, ఇంత పంచదార నోట్లో వేసుకుని, పావుగంట గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ తర్వాత మళ్ళీ పనీ, మళ్ళీ తిట్లూ.

రెండేళ్ళ కిందట ఒకరోజు వణుకూ లేదు, చెమటా లేదు, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మెషిన్ ముందు జారిపోయాడు. పడటం వెనక్కి పడ్డాడు కాబట్టి సరిపోయింది. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మ అంతా విని నావైపు తిరిగింది.

"షుగర్ మాటిమాటికీ పడిపోతుంటే ఒంటికి అది అలవాటైపోతుందమ్మా. మొదట్లో గోల చేసిన ఒళ్ళే పోనుపోను నోరు మూసుకుంటుంది. ఈయనకి పడిపోతున్న సంగతి ఇక ఈయనకే తెలీదు. పోయినసారి ఎలా ఉందో ఈసారీ అలాగే ఉంటుందనుకోవద్దు. పనిలోకి దిగే ముందు వేలు గుచ్చి మీటర్లో చూడాలి, మధ్యలో కూడా చూడాలి. అసలు ఆ మెషిన్ మానేస్తే ఇంకా మంచిది."

"మానేసి ఏం చెయ్యమంటారు? మాస్టర్ అంటున్నారు కదా అని బళ్ళో పాఠాలు చెప్పనా?" అన్నాడు మా ఆయన.

రెండు వారాలు బుద్ధిగా వేళ్ళు గుచ్చుకున్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. గుచ్చిన వేలు ఎంత తుడిచినా ఎక్కడో ఒక చుక్క మిగిలేది. మా సరుకేమో తెల్ల కాగితం. బడిపిల్లల నోటు పుస్తకాల కట్టల్లో ఎర్రచుక్కలు బయటపడి, రెండు కట్టలు తిరిగొచ్చాయి. వేలికి గుడ్డ చుట్టుకో మాస్టర్ అన్నాడు ఓనరు. గుడ్డ చుట్టుకుంటే కాగితం అంచు వేలికి తెలియదు. అంచు తెలియకుండా కొయ్యడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే.

అప్పుడు నేను నోరు జారాను. "వేలు గుచ్చక్కర్లేదండీ. మీకు తెలియకపోతే ఏం, నాకు తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ కాపురం చేశాను."

నిజంగానే నాకు ఒక గుర్తు దొరికింది. పడిపోయే ముందు ఆయనకు కారణం లేని కోపం వచ్చేది. దారపు ఉండ కిందపడితే శివమెత్తేవాడు. మూడుసార్లు అలా జరిగింది, మూడుసార్లూ బలవంతాన మీటర్ పెడితే యాభై, నలభై ఎనిమిది, యాభై మూడు. నా అంత తెలివైనది లేదనుకున్నాను. ఓనరు కూడా అలాగే అనుకున్నాడు. నేను ఫారాలు, అంటే పుస్తకాలకు పోయే పెద్ద కాగితాలు, మడతపెట్టే బల్లను కత్తి మెషిన్‌కు ఎదురుగా వేయించాడు. "చెల్లెమ్మా, నువ్వు తల ఊపితే మెషిన్ తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. నీ భరోసా మీదే మాస్టర్ని ఉంచుతున్నా" అన్నాడు. నా బల్ల మీద గ్లూకోజ్ డబ్బా, గ్లాసు, చెంచా వచ్చి కూర్చున్నాయి. నాలుగోసారి నుంచి మీటర్ తియ్యడం మానేశాను. కోపమొస్తే రెండు చెంచాలు, అంతే.

దాచుకోవడం దేనికి, అది నాకు బాగుండేది కూడా. ముప్పై ఏళ్ళుగా ఆ నోటికి నేను బదులు చెప్పలేకపోయాను. ఇప్పుడు నలుగురి ముందు ఆయన గొంతు పెంచితే, నేను గ్లాసు పట్టుకుని లేచేదాన్ని. "తాగండి" అంటే తాగాల్సిందే. తాగకపోతే మెషిన్ ఆగిపోతుంది. తాగాక సిగ్గుతో తలవంచుకుని ఊరుకునేవాడు. "చూశావా, మందు పడగానే ఎలా చల్లబడ్డాడో!" అని మడత బల్ల దగ్గర ఆడవాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకతి, గుండుసూది అని పిలుస్తాం, ఎక్కడైనా గుచ్చుతుందని, ఒకరోజు అననే అంది. "వదినా, ఆ డబ్బా ఒక్కరోజు అరువియ్యవా? మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు, షుగర్ లేదు గానీ నోరుంది."

అందరం పడీపడీ నవ్వాం. ఆయనకు వినపడింది.

మా తమ్ముడు కూడా అక్కడే సూపర్‌వైజరు. నేనే తెచ్చి పెట్టించాను. బళ్ళు తెరిచే ముందు నోటు పుస్తకాల పని మీద పడింది, రోజుకు ఇన్ని వేలని లెక్క. కత్తి దగ్గరే ఆలస్యమవుతోందని వాడికి దిగులు పట్టుకుంది.

మా మెషిన్‌కు రెండు బొత్తాలుంటాయి, కుడి చివర ఒకటి, ఎడమ చివర ఒకటి. రెంటినీ రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు రెండూ బొత్తాల మీద ఉంటే కత్తి కింద ఉండవు కదా, అదీ కిటుకు. కానీ పని తొందరైతే చాలా షాపుల్లో చేసేదేమిటంటే, ఎడమ బొత్తాన్ని లోపలికి నొక్కి, చెక్కముక్క బిగించి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తారు. అప్పుడు ఎడమ చేత్తో కాగితాన్ని తోస్తూ కుడిచేత్తో నొక్కుతూ పోవచ్చు. పని ఒకటికి ఒకటిన్నర అవుతుంది. మా పాత మెషిన్‌కు ఆ మోసం పట్టుకునే తెలివి లేదు.

ఒకరోజు మధ్యాహ్నం టీ వేళ దాటాక మా తమ్ముడు ట్యూబు ముక్కా, చెక్కముక్కా పట్టుకొచ్చాడు.

"బావా, వారం రోజులే. తర్వాత నేనే విప్పేస్తా."

"వారంలో నాకు కొత్త చెయ్యి మొలుస్తుందా?"

"అందరూ కడుతున్నారు బావా."

"అందరూ అంటే ఎవడ్రా? పక్క షాపు మొండివేళ్ళవాడా? వాణ్ణి రమ్మను, వాడి చేత్తో కట్టమను చూద్దాం!" ఆయన గొంతు హాలంతా మోగింది. చెక్కముక్క లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. "కత్తికి దేవుడిచ్చిన కళ్ళెంరా అది! నీకు లెక్క కావాలంటే ఇంకో మెషిన్ కొనమను మీ ఓనర్ని. నా చేతులు మాత్రం లెక్కలో వెయ్యకు!"

మా తమ్ముడు నన్ను చూశాడు. "అక్కా!" అన్నాడు, అంతే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పినట్టు.

నేను డబ్బా మూత తీశాను.

"నాకు బాగానే ఉంది. షుగర్ పడలేదు. నాకు కోపమొచ్చింది. మనిషికి కోపం రాకూడదా?" అన్నాడు ఆయన నాతో, ఈసారి మెల్లగా.

"అలాగే లెండి, ముందు ఇది తాగండి."

"మీటర్ పెట్టు."

"మీటర్ ఇంట్లో ఉంది. తాగండి, అందరూ చూస్తున్నారు."

తాగాడు. గ్లాసు నా చేతికివ్వకుండా నేల మీద పెట్టాడు. ఆ రోజుకు బొత్తం కట్టలేదు గానీ, ఆయనన్న మాటల్లో ఒక్కటి కూడా ఎవరి చెవికీ ఎక్కలేదు. "బావకి ఇందాక బాగా డౌన్ అయింది సార్" అని ఓనరుకు చెప్పాడు మా తమ్ముడు.

సాయంత్రం ఇంటికెళ్ళగానే ఆయనే వేలు గుచ్చుకుని మీటర్ నా ముందు పెట్టాడు. మూడొందల నలభై.

"పడిపోయినవాడికి నీ రెండు చెంచాలతో ఇంత ఎక్కుతుందా? అప్పుడు నాకు మామూలుగా ఉంది. నువ్వు దాని మీద పోశావు."

నేను ఇంకో వంకాయ తీసి తరగడం మొదలుపెట్టాను.

"నేను అడిగేది ఒక్కటే," అన్నాడు. "రేపు వెళ్ళి మీ తమ్ముడికీ ఓనరుకీ చెప్పు. ఆయనకి షుగర్ పడలేదు, ఆయన చెప్పింది చెప్పినట్టే వినండి, అని. నేను చెబితే గ్లాసు తెస్తారు. నువ్వు చెబితే వింటారు."

"చెబుతాలెండి."

చెప్పలేదు. నా కన్ను తప్పు చూసిందంటే, నేను ఊపే తలకు విలువ పోతుంది. విలువ పోతే ఆయన్ని మెషిన్ మీంచి దించేస్తారు. ఆయన మంచికే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మనిషికి సాకు దొరకాలే గానీ ఇల్లు కట్టేసుకుంటాడు. అసలు సంగతి, ఆ గ్లాసు చేతిలోంచి జారిపోవడం నాకు ఇష్టం లేదు. మా తమ్ముణ్ణి నలుగురిలో తక్కువ చెయ్యడమూ ఇష్టం లేదు.

అక్కడినుంచి ఆయన రెండు పనులు మొదలుపెట్టాడు. సాయంత్రాలు షుగర్ ఎక్కువ కనబడితే దాన్ని దించడానికి ఇన్సులిన్ నాలుగు గీతలు ఎక్కువ వేసుకునేవాడు. నేను పోసిన గ్లూకోజ్‌కు అది విరుగుడు. దాంతో పొద్దుటిపూట షుగర్ అడుగంటేది. అడుగంటిన ప్రతిసారీ ఒళ్ళు ఇంకాస్త మొద్దుబారేది. ఇదంతా తర్వాత డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఇక రెండో పని, పోనుపోను షాపులో కోప్పడటం మానేశాడు, పెంచిన గీతలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎవరేమన్నా ఊ కొట్టేవాడు. కోప్పడితే గ్లాసు వస్తుంది మరి. "మాస్టర్ మారిపోయాడు, కుక్కిన పేనులా ఉంటున్నాడు" అనుకున్నారు అందరూ. నేను కూడా గర్వపడ్డాను, ఎద్దును లొంగదీసుకున్నట్టు.

ఆ రోజు పొద్దున పది దాటింది. సాయంత్రానికి లారీ వెళ్ళాలి. ఆయన మెషిన్ దగ్గర నిలబడి కాగితాలు దులుపుతున్నాడు, ఎప్పటికంటే నెమ్మదిగా. నేను చూస్తుంటే చూసి నవ్వాడు.

"పిల్లా, ఈ చీర బాగుందే," అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో పిల్లా అని పిలిచేవాడు. తర్వాత ఏమేవ్ అయ్యాను, ఒసేయ్ అయ్యాను. అంతమందిలో ఆ మాట వినేసరికి నాకు ముఖం వేడెక్కింది. గుండుసూది మోచేత్తో పొడిచింది. "అబ్బో, వదినా! ఇవాళ మాస్టర్‌కి గ్లూకోజ్ అక్కర్లేదు, నీకే కావాలి."

మా తమ్ముడు అదను చూసుకుని ట్యూబు ముక్కతో వచ్చాడు. "బావా, ఇవాళ ఒక్కరోజు. ఎడమది కట్టేస్తా."

"కట్టుకోవోయ్. నీ ఇష్టం," అన్నాడు ఆయన. నవ్వుతూనే ఉన్నాడు.

వాడు నావైపు చూశాడు. కోపం లేదు, కేక లేదు. చల్లగా, తియ్యగా ఉన్న మనిషి. ఇంతకంటే బాగుండటమంటే ఏమిటి? నేను తల ఊపాను.

ఆ నవ్వే ఈసారి గుర్తని నాకెలా తెలుస్తుంది? తెలుసుకునే దారి ఒక్కటే ఉంది, వేలు గుచ్చడం. దాన్ని మాన్పించిందీ నేనే. ముప్పై ఏళ్ళు కత్తికి కళ్ళెమన్నవాడు, దాన్ని విప్పడానికి ఊరికే ఒప్పుకుంటాడా అని కూడా నాకు తట్టలేదు.

నాలుగు కోతలు సవ్యంగానే పడ్డాయి. అయిదో కోతకు ఎడమచెయ్యి కాగితాన్ని తోసి, అక్కడే ఉండిపోయింది. కుడిచెయ్యి బొత్తం నొక్కింది.

అరిచింది ఆయన కాదు, మేం. ఆయన చేతివైపు చూసి, "కాగితం తడిసిపోతోంది, తియ్యండి," అన్నాడు, ఎవరి చెయ్యో అయినట్టు. ఆస్పత్రిలో మొట్టమొదట చూసిన షుగర్ ముప్పై ఆరు. ఎడమచేతి నడిమి మూడు వేళ్ళూ పోయాయి.

నాలుగో రోజు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. అతను రాకముందే ఆస్పత్రి వరండాలో ఓనరు నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లెమ్మా, అయిందేదో అయింది. బొత్తం సూపర్‌వైజరు కట్టాడంటే మీ తమ్ముడి మీద కేసు. షాపు మూస్తారు. అందరి నోట్లో మట్టి. మాస్టర్‌కి ఒంట్లో బాలేక జరిగిందంటే, ఆస్పత్రి ఖర్చు నాది, నీ పని నీది. ఆలోచించుకో."

మా తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాడి చొక్కా మీద మా ఆయన రక్తం మరక ఉతికినా పోలేదు. "అక్కా, నేను చెడ్డవాణ్ణి కాదే. బావే కదా కట్టుకోమంది," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మంచం పక్కన కుర్చీలో కూర్చుని కాగితం తీశాడు. మా ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత పాత గొంతు విన్నాను.

"నేను కట్టలేదు సార్! నెలరోజుల ముందే చెక్కముక్క కిటికీలోంచి విసిరేశాను. అందరూ చూశారు. అరిచి చెప్పాను. నా మాట వినకుండా నోట్లో గ్లూకోజ్ పోశారు. మాట్లాడితే చాలు పోశారు! రాసుకోండి. గొడ్డుకి కూడా అలా పొయ్యరు!"

నర్సు తలుపు దగ్గరికి వచ్చి చూసింది. ఓనరు గొంతు తగ్గించి, జాలిగా, "చూశారు కదండీ, ఇలాగే. షుగర్ తేడా చేస్తే ఇలాగే అరుస్తాడు పాపం. ఆవిణ్ణి అడగండి, ఆవిడకి తెలిసినంత డాక్టర్లకి కూడా తెలీదు," అన్నాడు.

అందరూ నన్ను చూశారు. మా ఆయన కూడా చూశాడు. ఇంటి దగ్గర మీటర్ ముందు పెట్టి అడిగినప్పుడు ఎలా చూశాడో అలాగే. నేను ఒక్కమాట అంటే చాలు, ఆ అరిచిందంతా మాటలవుతుంది. అనకపోతే ఉత్త జబ్బు కూత.

"ఆ రోజు బొత్తం కట్టడం గురించి ఈయన ఏమన్నారమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయనే సరే అన్నారు సార్," అన్నాను.

అబద్ధం కాదు. అక్షరం పొల్లు పోలేదు.

"అంతకుముందు వద్దని అరిచారంటున్నారు?"

"అప్పుడు... షుగర్ బాలేదండీ."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. మా ఆయన మెల్లగా దిండు మీదకు వాలి గోడవైపు తిరిగాడు.

షాపు మూతపడలేదు. మెషిన్ దగ్గర ఎవరో కొత్తవాడు వచ్చాడు. బొత్తాలు కట్టరాదని పెద్దక్షరాలతో కాగితం అంటించారు, దాన్ని అంటించింది మా తమ్ముడే. నేను ఫారాలు మడతపెడుతున్నాను. బల్లను మళ్ళీ కిటికీ పక్కకు జరిపించుకున్నాను. గుండుసూది ఈమధ్య నాతో జోకులెయ్యదు.

ఇంట్లో ఆయన నాతో మాట్లాడడు. డాక్టరమ్మ సూది తగ్గించింది. "కొన్ని వారాలు ఒక్కసారి కూడా పడిపోకుండా కాస్త పైనే ఉంచుదాం. అప్పుడు ఒళ్ళు మళ్ళీ చెప్పడం మొదలుపెట్టొచ్చు," అంది. నాకేమో ఇప్పుడు ఆయన మౌనమంటే భయం. ఎక్కువసేపు పలక్కపోతే పడిపోయాడేమోనని మీటర్ పట్టుకుని వెళతాను. పలకడమన్నది లేదు కాబట్టి రోజుకు పదిసార్లు వెళతాను. ఏమీ అనడు. కుడిచెయ్యి చాపుతాడు, వేలిముద్ర వేసేవాడిలా. నూట నలభై. నూట అరవై. నూట ముప్పై. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. మాట్లాడనిది నాతోనే.

మొన్న పొద్దున పనికి బయల్దేరుతూ వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాను. లోపల డబ్బాలు కదిలిన చప్పుడైతే వెనక్కి వెళ్ళాను. ఆయన వంటింట్లో ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. చేతులు గజగజ వణుకుతున్నాయి. పంచదార గుప్పెడు నోట్లో పోసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని నములుతున్నాడు. పరుగెత్తి పట్టుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్ళు లేని చెయ్యి.

పావుగంట అలాగే కూర్చున్నాడు. తర్వాత వేలు గుచ్చుకుని మీటర్ చూసుకున్నాడు. ఫోన్ తీసి డాక్టరమ్మకు చేశాడు.

"డాక్టరమ్మా, ఇవాళ తెలిసింది! వణుకు, చెమట, గుండెదడ, అన్నీ! నాకే తెలిసింది, ఎవరూ చెప్పలేదు!" రెండు నెలల తర్వాత మా ఇంట్లో ఆయన నవ్వు వినపడింది. "ఆఁ... ఆఁ, సూది ఇంకా తగ్గిస్తాను. లేదండీ, పక్కన ఎవరూ అక్కర్లేదు."

ఫోన్ పెట్టేశాడు. నేను గడప దగ్గరే ఉన్నాను.

"ఎంతుందండీ?" అన్నాను.

మీటర్‌ను జేబులో వేసుకుని, ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు.